సైకిల్ దారి కొత్తగా వెయ్యక్కర్లేదు, తెగినచోట కలిపితే చాలు: నెల్లూరులో సేవా బృందం పెట్టాలనుకునేవాళ్లకు

తెల్లవారుజామున ఐదున్నరకు మైపాడు గేటు దగ్గర ఓ అరగంట నిలబడి చూడండి. క్యారియర్‌కి టిఫిన్ క్యారేజీ కట్టుకుని రొయ్యల గుంటల మీదికి పనికి పోయేవాళ్లు, చెరో పక్కా పాల క్యాన్లు వేలాడదీసుకుని టౌన్లోకి వచ్చేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, ఆకుకూరల మూటలు. వాళ్లలో ఎవరి నెత్తినా హెల్మెట్ ఉండదు. 'మీరు సైక్లిస్టులా' అని అడిగితే నవ్వుతారు.

మనకేమో సైకిల్ ప్రోత్సాహం అనగానే ఆదివారం ర్యాలీ గుర్తొస్తుంది. ఒకే రంగు టీషర్టులు, జెండా ఊపే పెద్దమనిషి, ఎనిమిదింటికి ఇడ్లీ వడ, తొమ్మిదింటికి ఫోటోలు. మేమూ అలాగే మొదలుపెట్టాం. ఏడాదిలో నాలుగు ర్యాలీలు చేశాం. వాటివల్ల రోడ్డు మీద ఒక్క గుంత కూడా పూడలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక దూరపు సంగతి. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్లో 1977లో కొంతమంది పౌరులు సైకిళ్ల కోసం ఒక చిన్న బృందం కట్టారు. తర్వాత సస్ట్రాన్స్ పేరుతో పెద్ద సేవా సంస్థ అయింది అదే. వాళ్లు కొత్త రోడ్డు అడగలేదు. రైళ్లు ఆగిపోయి పిచ్చిమొక్కలు మొలిచిన పాత రైలు కట్ట ఒకటి బ్రిస్టల్ నుంచి బాత్ ఊరిదాకా ఉంది. దాన్ని 1979 నుంచి 1986 దాకా ముక్కముక్కగా సైకిల్ దారిగా మార్చారు. దేశమంతటా సైకిల్ దారుల అల్లిక కోసం లాటరీ నిధి నుంచి 4.35 కోట్ల పౌండ్లు వచ్చింది 1995లో. అంటే పని మొదలైన 18 ఏళ్లకు. ముందు దారి కనిపించింది, డబ్బు తర్వాత వచ్చింది.

మనకు ఆ పాత రైలు కట్టలాంటివి కాలవ కట్టలు. సర్వేపల్లి కాలవ, జాఫర్ సాహెబ్ కాలవ, కనుపూరు కాలవ, సముద్రం పక్కన బకింగ్‌హామ్ కాలవ. ఎన్నోచోట్ల కట్ట మీద మనుషులు ఎప్పటినుంచో నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు. అయితే ఆ దారి మధ్యలో తెగిపోతుంది. తెగినచోటే మన పని.

మొదటి మెట్టు: నిలబడి లెక్కపెట్టండి

ఆఫీసులో అర్జీ ఇచ్చినప్పుడు ఎదురయ్యే మొదటి మాట ఒకటే: 'ఈ రోజుల్లో సైకిల్ ఎవరు తొక్కుతున్నారండీ?' దానికి జవాబు మీ చేతిలో కాగితం మీద ఉండాలి.

ఒకచోట ఇద్దరు చాలు. ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 5 నుంచి 7. వారంలో రెండు పనిదినాలు. కాగితాన్ని అడ్డంగా పెట్టి గళ్లు గీయండి: మగవాళ్లు, ఆడవాళ్లు, బడిపిల్లలు, బరువు మోసుకెళ్లే సైకిళ్లు, ఊళ్లోకి వచ్చేవి, బయటికి పోయేవి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా, పచారీ కొట్లో కట్టలు లెక్కేసినట్టే. నడిచి పోయేవాళ్లకు కూడా ఒక గడి పెట్టండి. వాళ్ల కష్టమూ సైకిల్ వాళ్ల కష్టమూ చాలావరకు ఒకటే.

ఏ రోజులు వద్దంటే, సంక్రాంతి వారం, బడి సెలవులు, మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరిగే రోజులు. స్వర్ణాల చెరువు చుట్టూ ఆ రోజుల్లో ఊరే వేరుగా ఉంటుంది, ఆ లెక్క దేనికీ పనికిరాదు. వరికోతల కాలంలో డెల్టా ఊళ్ల వైపు లెక్క మారుతుంది. కూలీలు పెరుగుతారు, పైగా రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు. ఆ కాలంలో లెక్కపెడితే ఆ మాట కాగితం మీద రాసుకోండి.

కొందర్ని ఆపి మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడి నుంచి ఎక్కడికి, దారిలో ఎక్కడ దిగి నడిపించుకుంటూ పోతావు, చీకటి పడితే ఏ దారిన వస్తావు. రెండో ప్రశ్నే బంగారం. మనిషి సైకిల్ దిగాడంటే అక్కడ దారి తెగిందన్నమాట. 'ఏందబ్బయ్యా, ఏ పార్టీ వాళ్లు మీరు?' అని కనీసం పదిమంది అడుగుతారు. చొక్కా మీద బ్యాడ్జీలు, చేతిలో కరపత్రాలు లేకపోతే ఆ అనుమానం తొందరగా పోతుంది.

రెండో మెట్టు: ఒక్క దారి ఎంచుకోండి, 3 నుంచి 5 కిలోమీటర్లు

నెల్లూరును పటంలో చూస్తే సైకిల్‌కి మూడు ముడులు కనిపిస్తాయి. ఊరిని తూర్పు పడమరలుగా చీల్చే రైలు పట్టాలు ఒకటి. ఉత్తరాన పెన్నానది. ఇక 16వ నంబరు జాతీయ రహదారి. మీరు ఎంచుకున్న దారి ఏదైనా వీటిలో ఒకదాన్నన్నా దాటాల్సిందే, తెగేదీ అక్కడే.

పట్టాల కింది అండర్ బ్రిడ్జీల సంగతి నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఒక్క రాత్రి గట్టిగా కురిస్తే తెల్లారేసరికి అండర్ బ్రిడ్జీ చెరువవుతుంది. కారువాడు చుట్టుతిరిగి పోతాడు. సైకిల్ వాడికి ఆ చుట్టు ఇంకో అరగంట. పెన్నా దాటడానికి 2022 సెప్టెంబరులో ప్రారంభించిన నెల్లూరు బ్యారేజీ మీద రోడ్డు ఉంది. కోవూరు వైపు నుంచి పనికి వచ్చేవాళ్లకు హైవే వంతెన బదులు అది ఎంత అనుకూలమో, బ్యారేజీకి రెండు కొసలా సైకిల్ ఎలా ఎక్కుతుందో ఎలా దిగుతుందో స్వయంగా తొక్కి చూసి రాసుకోండి.

ఎంచుకున్న దారికి రెండు కొసల్లోనూ పని ఉండాలి: ఒకవైపు జనం ఉండే పేట, ఇంకోవైపు బడో బజారో బస్టాండో పనిచేసే చోటో. నెల్లూరు నుంచి మైపాడు బీచి దాకా మొత్తం దారి బాగుచేద్దామన్న ఉత్సాహం అందరికీ వస్తుంది. 20 కిలోమీటర్లకు పైమాటే అది. ఆదివారం తొక్కేవాళ్లకు బాగుంటుంది, రోజూ తొక్కేవాళ్లకు మొదటి 4 కిలోమీటర్లే ముఖ్యం. ముందు అవి చూడండి.

ఆ దారిని మూడుసార్లు తొక్కండి. ఉదయం ఒకసారి, రాత్రి ఏడు దాటాక ఒకసారి, వాన వెలిసిన మర్నాడు ఒకసారి. గేర్ల సైకిల్ మీద వద్దు. అద్దెకో అరువుకో మామూలు సైకిల్ తీసుకుని, క్యారియర్ మీద పది కిలోల బియ్యం మూట కట్టుకుని తొక్కండి. అప్పుడు తెలుస్తాయి అసలు లోపాలు. మురుగు కాలవ మూతల మధ్య నిలువు సందులో ముందు చక్రం ఇరుక్కోవడం, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరు, మలుపులో పేరుకున్న ఇసుక, వెలగని వీధిదీపం, రొయ్యల లోడు లారీ ఎదురొచ్చినప్పుడు దిగడానికి అంచు లేకపోవడం. ప్రతిదానికీ ఫోటో, ఫోన్లో లొకేషన్, తేదీ. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ కట్టదారినీ సందునీ ఎక్కించండి. పటంలో లేని దారి ఆఫీసు దృష్టిలో కూడా లేనట్టే.

కాలవ కట్టల గురించి ఒక హెచ్చరిక. పగటిపూట ఎంత హాయిగా ఉన్నా, అంచుకు గోడ లేని కట్టను రాత్రిపూట దారిగా ఎవరికీ చూపించకండి. నీళ్లు వదిలే రోజుల్లో పిల్లల్ని అటు పంపకండి. దీపం, అంచుకు రాళ్లు లేదా రెయిలింగు వచ్చాకే దాన్ని పటంలో పచ్చగీతగా గియ్యండి.

మూడో మెట్టు: ఆ రోడ్డు ఎవరిది?

ఎక్కువ బృందాలు అలిసిపోయేది ఇక్కడే. ఒకే నాలుగు కిలోమీటర్ల దారిలో కొంత ముక్క నగరపాలక సంస్థది, కొంత ఆర్ అండ్ బీది, ఊరు దాటగానే పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిది, కాలవ కట్ట జలవనరుల శాఖది, అండర్ బ్రిడ్జీ రైల్వేది, సర్వీసు రోడ్డు జాతీయ రహదారుల సంస్థది. మా మొదటి అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి, అక్కడి నుంచి మూడోదానికి తిరిగి, నాలుగు నెలలకు మొదటి ఆఫీసుకే చేరింది. తప్పు వాళ్లది కొంత, మాది ఎక్కువ. అర్జీలో 'రోడ్డు బాగాలేదు' అని రాశాం గాని, ఏ రోడ్డు ఎక్కణ్నించి ఎక్కడిదాకా అని రాయలేదు.

కాబట్టి పటాన్ని ముక్కలుగా కోసి ప్రతి ముక్కకీ యజమాని పేరు రాయండి. తెలియనిచోట సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో జిల్లా స్థాయి ఆఫీసుకు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, పంచాయతీలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడిగేది సూటిగా ఉండాలి: 'ఫలానా కల్వర్టు నుంచి ఫలానా కూడలి వరకు ఉన్న రోడ్డు నిర్వహణ ఏ శాఖది? చివరిసారి ఎప్పుడు మరమ్మతు చేశారు? గుత్తేదారు బాధ్యత ఏ తేదీ వరకు?' మూడో ప్రశ్న మరవకండి. గడువు ఇంకా ఉంటే గుంత పూడ్చాల్సింది గుత్తేదారే, ఆఫీసు కొత్తగా నిధులు వెతకాల్సిన పనిలేదు.

నాలుగో మెట్టు: చిన్నది అడగండి, రాతలో అడగండి

'సైకిల్ ట్రాక్ కావాలి' అని మొదటి అర్జీలోనే రాయకండి. ఈ మాట మా వాళ్లకే నచ్చలేదు, అయినా చెబుతాను. రోడ్డు అంచున ఆకుపచ్చ రంగు పూసి సైకిల్ బొమ్మ వేస్తే నెల తిరక్కుండానే అది మోటారు సైకిళ్ల పార్కింగు అవుతుంది, సాయంత్రానికి దోసెల బండి వస్తుంది. రంగుతో పాటు జనానికి మన మీదున్న నమ్మకమూ పోతుంది. అదే డబ్బుతో పది కాలవ మూతలు, ఆరు దీపాలు వస్తాయి.

బండ్లవాళ్లతో తగువు వద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు హక్కులిచ్చింది. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది. మీ పటం అక్కడికీ తీసుకెళ్లండి. మా దారిలో రాత్రిపూట వెలుతురు ఇచ్చేది టిఫిన్ బండి బల్బు ఒక్కటే. అది లేకపోతే ఆ మలుపులో ఆడపిల్లలు తిరగలేరు.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. మేమిప్పుడు రాసేది ఇలా ఉంటుంది: 'ఫలానా రోడ్డులో ఫలానా బడికి దక్షిణంగా 40 అడుగుల దూరంలో, రోడ్డు పడమటి అంచున, కాలవ మీద రెండు మూతలు లేవు. ఈ నెల ఫలానా తేదీన ఉదయం రెండు గంటల్లో ఇటుగా పోయిన సైకిళ్లు ఇన్ని, నడిచి పోయినవాళ్లు ఇంతమంది. ఫోటో జతపరిచాము. ఆ రెండు మూతలు వేయించగలరు.' అంతే. 'వాతావరణ మార్పు', 'భావితరాలు' అన్న మాటలు అర్జీలో వద్దు, వాటికి వేరే వేదికలున్నాయి.

సంబంధిత ఇంజినీరు ఆఫీసులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. పని కాకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ప్రాణం మీదికి తెచ్చే కూడలి అయితే కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ దాకా వెళ్లొచ్చు.

పెద్ద పని వచ్చినప్పుడు, అంటే రోడ్డు వెడల్పు చేస్తున్నారని తెలిసినప్పుడు, ప్రమాణాలు చేతిలో ఉండాలి. సైకిల్ దారుల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం 11 నంబరుది, కాలిబాటల మీద 103 నంబరుది. సైకిల్ దారికి 2 మీటర్లకు తగ్గకుండా, కాలిబాటకు అడ్డుల్లేకుండా 1.8 మీటర్లు అన్నది గుర్తుపెట్టుకుంటే అంచనాలు వేసే దశలోనే మాట్లాడొచ్చు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఏ సెక్షను, భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల ఎవరికైనా మరణమో వైకల్యమో కలిగితే లక్ష రూపాయల దాకా జరిమానా అంటుంది. దాన్ని బెదిరింపుగా వాడకండి. అర్జీ చివర ఒక వాక్యంగా ఉంటే చాలు, చదివేవాళ్లు చదువుకుంటారు.

ఐదో మెట్టు: సంఘం, డబ్బు

ఆరు నెలలు పని చేశాక రిజిస్టరు చేయించండి. ముందే చేయిస్తే పదవుల పంచాయితీతోనే ఏడాది గడుస్తుంది. మన రాష్ట్రంలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. మెమొరాండం, బైలాలు, చిరునామా రుజువు, సభ్యుల గుర్తింపు కాగితాలతో జిల్లా రిజిస్ట్రారు దగ్గర అవుతుంది. ఏడుగురిలో రోజూ సైకిల్ తొక్కేవాళ్లు ఇద్దరు, ఆడవాళ్లు ఇద్దరు, ఒక సైకిల్ మెకానిక్ ఉండేలా చూసుకోండి. తర్వాత పాన్ కార్డు, ఇద్దరు సంతకందారులతో బ్యాంకు ఖాతా.

దాతలకు పన్ను మినహాయింపు రావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర వేరే నమోదు కావాలి. అందరూ 80జి అనేది దాన్నే. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, సెక్షన్ల నంబర్లు మారాయి, కాబట్టి ఆడిటరును అడిగే కాగితాలు పెట్టండి. కృష్ణపట్నం వైపు పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అడగాలంటే కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునే సీఎస్‌ఆర్-1 నమోదు కూడా ఉండాలి. ఆ డబ్బుకు తొందరపడకండి. కంపెనీ డబ్బు వస్తే ముందు వచ్చేది కంపెనీ బోర్డు, దారి తర్వాత.

తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది పాత సైకిళ్ల పని. అపార్టుమెంట్ల సెల్లారుల్లో గాలి పోయి, చైను తుప్పు పట్టి పడి ఉన్న సైకిళ్లు ఎన్ని ఉంటాయో మీరే చూడండి. వాచ్‌మన్‌ను పట్టుకుంటే ఎవరిదేదో చెబుతాడు. వాటిని అడిగి తెచ్చి టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్పించి, వెనక రిఫ్లెక్టరు బిగించి ఇవ్వండి. మరమ్మతు మీరే ఉచితంగా చేసి పెట్టకండి. పేటలో మిగిలిన ఒకరిద్దరు మెకానిక్‌లకు కూలీ ఇచ్చి చేయించండి. వాళ్ల కొట్టు మూతపడితే ఆ పేటలో పంక్చరు వేసే దిక్కు లేక సైకిల్ మళ్లీ సెల్లారుకే పోతుంది.

ఆరో మెట్టు: ఆడవాళ్లు తొక్కకపోతే దారి లేనట్టే

మా మొదటి లెక్కలో ఆడవాళ్ల గడి దాదాపు ఖాళీ. హైస్కూలు ఆడపిల్లలు కనిపిస్తారు, పదో తరగతి అయ్యాక మాయమవుతారు. ఒకప్పుడు 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వమిచ్చిన సైకిళ్లు కొన్ని ఇళ్లలో ఇప్పుడు తమ్ముళ్లు తొక్కుతున్నారు.

1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం రెండు జిల్లాల్లో రెండు రకాలుగా పండింది. మన జిల్లాలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంట నుంచి సారా మీద తిరగబడ్డారు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అదే ఉద్యమం అక్షరాలతో పాటు సైకిల్ నేర్పింది, వేలమంది ఆడవాళ్లు నేర్చుకున్నారు. మనది తెలుసుకుని గర్వపడతాం, వాళ్లది మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పరు. పొదుపు సంఘం సమావేశంలో చెప్పి చూడండి, ఎవరో ఒకామె 'మాకూ నేర్పండి' అంటుంది.

నేర్పే పద్ధతి: సాయంత్రం బడి గ్రౌండు, గోడ ఉన్నదైతే మంచిది, చుట్టూ చూసి నవ్వేవాళ్లుండరు. నేర్పేది ఆడమనిషే కావాలి. లేడీస్ సైకిల్, సీటు కిందికి దించి, మొదట పెడళ్లు తీసేసి కాళ్లతో నేలను తోసుకుంటూ నడపడం. రెండు మూడు రోజుల్లో తూకం కుదురుతుంది, అప్పుడు పెడళ్లు బిగించండి. చైను కవరు తప్పనిసరి, చీర కుచ్చిళ్లు, చున్నీ ఇరుక్కునేది అక్కడే.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఊరి నుంచి బస్సు ఆగేచోటికి రెండు మూడు కిలోమీటర్లు నడిచేవాళ్లకు ఇప్పుడు సైకిల్ మరింత అక్కర. అందుకే మా రెండో ఏడాది అర్జీల్లో ఎక్కువ భాగం బస్టాపు పక్కన పైకప్పు, సైకిల్‌కి తాళం వేసుకునే ఇనుప కమ్మీ కోసమే. టీకొట్టుకు ఎదురుగా పెడితే కాపలా దానంతటదే ఉంటుంది.

ఏడో మెట్టు: దారి కాపరులు

ఒక్కొక్కరికి ఒక కిలోమీటరు. నెలకోసారి తొక్కి చూసి, చెడినదాన్ని గుంపుకు చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో మూడే ఉండాలి: ఫోటో, చోటు, తేదీ. గుడ్‌మార్నింగ్ పూలబొమ్మలు పెట్టినవాళ్లకు ఒక ట్యూబు కొనిచ్చే జరిమానా పెట్టాం. నాలుగు ట్యూబులు వచ్చాయి.

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ప్రకటించినవాళ్లకు రోహిణి కార్తె తెలియదు. ఆ రోజు నెల్లూరు ఎండలో పిల్లల చేత ర్యాలీ చేయించకండి, ఆఫీసులకు అర్జీల నకళ్లు పంచడానికి పెట్టుకోండి. అందరూ కలిసి తొక్కే సంబరం ఉంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, జొన్నవాడ దాకా వెళ్లి అమ్మవారిని చూసి తిరిగొచ్చేట్టు పెట్టండి, ఎండెక్కకముందే ఇల్లు చేరతారు.

అసలైన తనిఖీ డిసెంబరు చివర. వానలకు కట్ట ఎక్కడ కోసుకుపోయింది, అండర్ బ్రిడ్జీలో బురద ఎంత మేట వేసింది, ఏ మూతలు లేచిపోయాయి. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, మట్టి కట్టదారి ఏపాటిది. అప్పుడే మొదటిసారి నిలబడ్డ చోటే, అవే గంటల్లో మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ పక్కపక్కన ఒకే పేజీలో తెలుగులో రాసి టీకొట్లో, మెకానిక్ కొట్లో అతికించండి. లెక్క తగ్గినా అతికించండి.

ఇక జనవరిలో సర్కారు తుమ్మ. వానలకు ఏపుగా పెరిగి కట్టదారి మీదికి వాలుతుంది, దాని ముల్లు ఎంత మంచి టైరునైనా దించేస్తుంది. కొడవళ్లు, చేతితొడుగులు, గట్టి అడుగు ఉన్న చెప్పులు తెచ్చుకోండి. నరికిన కొమ్మలు దారి మీద ఒక్క పూట కూడా ఉంచకండి, మోపు కట్టి పక్కకు లాగాక నేలను చీపురుతో ఊడ్చండి. మొదటి ఏడాది మేం ఊడవలేదు. మర్నాడు పొద్దున మెకానిక్ కొట్టు ముందు పదకొండు సైకిళ్లు పంక్చరుకి నిలబడ్డాయి, అందులో మూడు మావే.